షాక్ స్విచ్

"వెనకాల ఆ స్విచ్ మాత్రం ముట్టుకోకే. షాక్ కొడుతుంది," అన్నాడు అన్నయ్య, పాత తువ్వాల్లో చుట్టి తెచ్చిన పెట్టెను చెల్లెలి బల్ల మీద దించుతూ.

పొద్దస్తమానం కరెంటుతో కాపురం చేసే మనిషికి ఆ మాట చెప్పడానికి ఎంత గుండె ధైర్యం ఉండాలి! చుట్టుపక్కల సగం ఇళ్ళ మిక్సీలూ టీవీలూ ఆమె చేతిమీదుగానే బతికి బట్టకట్టాయి. రిపేరు షాపు బోర్డు మీద పేరు లేకపోయినా 'మెకానిక్ అక్క' అంటే రిక్షావాడి దగ్గర్నుంచి డాక్టరు దాకా దారి చెబుతారు. అంతటి మనిషీ నవ్వలేదు. "తెలుసులే," అంది.

ఎందుకంటే ఆ ఇంట్లో పెరిగిన వాళ్ళెవరికైనా అది తెలుసు. వీడియో గేమ్ పెట్టె వెనక, కరెంటు వైరు పక్కన, బఠాణీ గింజంత స్విచ్ ఒకటి ఉంటుంది. ముట్టుకుంటే షాక్ కొడుతుంది. నాన్న చెప్పాడు. నిప్పు కాలుతుంది, నీళ్ళు తడుపుతాయి, ఆ స్విచ్ షాక్ కొడుతుంది. అంతే. దాని మీద ఇంకో ఆలోచన చేసిన పాపాన ఎవరూ పోలేదు.

"ఆదివారం నా పుట్టినరోజు. నలభై వస్తున్నాయి మరి. ఆఫీసు వాళ్ళంతా ఇంటికొస్తున్నారు. ఈలోగా దీన్ని లేపి నిలబెట్టాలి నువ్వు," అన్నాడు.

"లేస్తుందిలే."

అన్నయ్య కదల్లేదు. అటూ ఇటూ చూశాడు. స్టూలు ముందుకు లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు. బ్యాంకు దోపిడీకి పథకం వేస్తున్నాడేమో అనిపించేలా ఉన్నాడు.

"ఇంకో చిన్న పనుందే. దీన్ని కాస్త నెమ్మది చెయ్యొచ్చా? ఒక స్విచ్ లాంటిది పెట్టి? కావాలంటే నెమ్మది, వద్దంటే మామూలు. ఎవరికీ కనబడకూడదు."

"ఎందుకు?"

"పోయిన నెల దాకా పని చేసింది కదా, ఆడి చూశాను. కుందేలు మునుపటిలా లేదే. మరీ పరిగెడుతోంది."

"కుందేలు అదే అన్నయ్యా. వేళ్ళే..."

"సరే సరే, అర్థమైంది." అన్నయ్య మొహం కాస్త చిన్నబోయింది. "రైలు సంగతి ఆఫీసులో అందరికీ చెప్పేశాను. చేసి చూపించమని చెవిలో జోరీగల్లా పోరుతున్నారు. పరువు పోతుందే."

ఆ రైలు సంగతి వాళ్ళ చుట్టాల్లో తెలియని వాళ్ళు లేరు. ఆటలో కుందేలు దానంతటదే పరిగెడుతూ ఉంటుంది. గుంటలొస్తాయి, ముళ్ళకంచెలొస్తాయి, చిట్టచివర ఎదురుగా రైలొస్తుంది. దూకించడం ఒక్కటే మనం చేయాల్సింది. ఒకే ఒక్క మీట. ఆ రైలు మీంచి దూకించి కుందేల్ని క్యారెట్ తోటలోకి చేర్చిన వాడు ఆ రోజుల్లో వాళ్ళ వీధి మొత్తానికి అన్నయ్య ఒక్కడే. అదీ ఒక్కసారే.

"డమ్మీ కథ కూడా చెప్పావా?" స్క్రూడ్రైవర్ కోసం డబ్బాలో వెతుకుతూ అడిగింది.

"అది చెప్పకపోతే కథలో మజా ఏముంది?" అన్నయ్య పగలబడి నవ్వాడు.

డమ్మీ అంటే ఆమే. ఆ ఆట ఒక్కరే ఆడేది. పెట్టెకి రిమోట్లు మాత్రం రెండు. 'నేనూ ఆడతా' అని ఏడ్చే చెల్లెలి చేతికి అన్నయ్య రెండో రిమోట్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆ పిల్ల నిజంగానే తనూ ఆడుతున్నానని నమ్మి, నాలుక బయటపెట్టి, కుందేలుతో పాటు తనూ ఎగురుతూ నొక్కేది. రైలు దూకిన రోజున, అన్నయ్య వీధి పిల్లలందరినీ పోగేసి ఆ గుట్టు కూడా విప్పేశాడు. "దీని రిమోట్ అసలు పనే చెయ్యదురా! డమ్మీ!" వీధంతా కడుపుబ్బ నవ్వింది. ఆ పేరు ఆమెకి అతుక్కుపోయింది. పెళ్ళిళ్ళలో, ఫోన్లలో, ఎవరైనా కొత్త చుట్టం ఇంటికొచ్చినప్పుడు, ఆ కథ బయటికొస్తుంది. అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే 'అబ్బో, ఇంకా కోపమే!' అంటారని నవ్వుతుంది.

ఆ రోజు తర్వాత ఆమె మళ్ళీ ఆ రిమోట్ ముట్టుకోలేదు.

అన్నయ్య వెళ్ళిపోయాక పెట్టె బోర్లా తిప్పి మరలు విప్పింది. మూత లేపితే లోపల దుమ్ము దూదిపరుపులా పేరుకుని ఉంది. బ్రష్‌తో ఊడ్చింది. రెండు కెపాసిటర్లు పొట్టలు ఉబ్బించుకుని కూర్చున్నాయి. వాటిని పీకి కొత్తవి వేసింది. సోల్డరింగ్ గన్ పొగ మొహానికి తగలకుండా ఊదుకుంటూ, కూనిరాగం తీస్తూ పని చేసుకుపోతోంది. ఒకరి సామాను చచ్చిపడి ఉంటే దాన్ని లేపడంలో ఉన్న సంతోషం ఆమెకి ఏ సినిమాలోనూ దొరకదు.

అప్పుడు షాక్ స్విచ్ లోపలి వైపు కనబడింది.

దాని కాళ్ళ నుంచి పసుపు వైర్లు బయల్దేరుతున్నాయి. అతుకుల మీద ఎర్రటి చుక్కలు. ఆ చుక్కలు చూడగానే కూనిరాగం ఆగిపోయింది. అది గోళ్ళ రంగు. అతుకు కదలకుండా గోళ్ళ రంగు చుక్క వేసే మెకానిక్‌ని ఆమె ప్రపంచంలో ఒక్కడినే చూసింది. అమ్మ సీసాలన్నీ అలాగే ఖాళీ అయ్యేవి, అమ్మ తిట్టేది, ఆయన మాత్రం మానేవాడు కాదు. ఈ స్విచ్ కంపెనీ వాళ్ళు పెట్టింది కాదు. నాన్న పెట్టాడు.

ఇంకో విచిత్రం. ఆ పసుపు వైర్లలో ఒక్కటి కూడా కరెంటు వైపు పోవడం లేదు. ఇది షాక్ ఎలా కొడుతుంది? వైర్ల వెంబడి వేలు పోనిచ్చింది. అవన్నీ రిమోట్లు గుచ్చే సాకెట్ల దగ్గరికి పోయాయి. మీటర్ తీసి కొసలు ఆనించింది. మొదటి సాకెట్ నుంచి చిప్ దాకా కీచుమంది, దారి ఉంది. రెండో సాకెట్ మీద పెట్టింది. నోరు మెదపలేదు. గట్టిగా నొక్కిపెట్టింది. ఊహూ.

మీటర్ బల్ల మీద పెట్టేసింది.

రెండో రిమోట్‌ని కత్తిరించి పెట్టింది నాన్నన్నమాట. అన్నయ్య అప్పటికి చిన్నవాడు, వాడి వెటకారం వాడిది. కానీ నాన్న కూడానా? ఇంట్లో అందరూ నవ్వుతున్నప్పుడు ఆయన మాత్రం నవ్వకుండా తల వంచుకుని పని చేసుకునేవాడని, ఆ ఒక్కడైనా తన పక్షం అని ఇన్నేళ్ళూ అనుకుంది. ఆయనే స్విచ్ పెట్టి మరీ తన రిమోట్‌ని చంపేశాడా? పైగా ఎవరూ కనిపెట్టకుండా షాక్ అని భయపెట్టాడా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సోల్డర్ పొగ అనుకుని తుడుచుకుంది, గన్ చల్లారి చాలాసేపయిందన్న సంగతి తెలిసి కూడా.

నాన్న ఆమె దగ్గరే ఉంటాడు, షాపు పైన ఇంట్లో. భోజనం కాగానే మెట్లు దిగి వచ్చి స్టూలు మీద కూర్చుని, వద్దంటే వినకుండా ఏదో ఒక మిక్సీ విప్పుతాడు. ఆ మధ్యాహ్నం కూడా దిగాడు. బల్ల మీద పెట్టెను చూశాడు. కళ్ళజోడు సవరించుకుని, కూతురి మొహం చూశాడు.

"ఏమ్మా, అలా ఉన్నావు?"

"తలనొప్పి."

"టీ పెట్టనా?"

"వద్దు."

అడిగేస్తే అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అడిగితే ఆయన కూడా అందరిలాగే నవ్వేస్తాడేమోనని భయమేసింది. తల వంచుకుని ఎవరిదో ఇస్త్రీపెట్టె ముందుకు లాక్కుంది. నాన్న కాసేపు కూర్చున్నాడు. మిక్సీ విప్పలేదు. లేచి పైకి వెళ్ళి, అడక్కపోయినా టీ పెట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మర్నాడు అన్నయ్య అడిగిన స్విచ్ పని మొదలుపెట్టింది. కోపం కోపమే, పని పనే. ప్రాసెసర్‌ని ఉండుండి క్షణం ఆపి వదిలే చిన్న టైమర్ సర్క్యూట్ చేసింది. వేలి గోరంత బోర్డు, దాన్ని ఖాళీ మూలలో జిగురుతో నిలబెట్టింది. పెట్టె పక్కవైపు డ్రిల్‌తో సన్నటి రంధ్రం వేసి, పొట్టు ఊది, కొత్త స్విచ్ బిగించింది. చూసి చూసి ముచ్చటపడింది కూడా. ఎవడో వచ్చి పెట్టాడని చెబితే తప్ప కంపెనీ వాళ్ళదే అనుకుంటారు.

మూత బిగించబోతూ ఆగింది. పాత స్విచ్ దుమ్ముతో గడ్డకట్టుకుపోయి ఉంది. ఎంత కోపమున్నా మురికి స్విచ్‌ని అలా వదిలేసి మూత పెట్టడం ఆమె వల్ల కాదు. క్లీనర్ స్ప్రే చేసింది. కాస్త నాననిచ్చి, బుల్లి మీటని వేలితో తోసింది. అది టక్కున అవతలి వైపు పడింది.

చేతికి అలవాటు. మీట మారితే మీటర్ పెట్టి చూడాల్సిందే. రెండో సాకెట్ మీద ఒక కొస ఆనించింది, చిప్ కాలు మీద ఇంకొకటి.

కీచుమంది.

ఆమె ఉలిక్కిపడింది. ఇదేంటి? మొదటి సాకెట్ మీద పెట్టింది. కిక్కురుమనలేదు. మీట వెనక్కి తోసింది, మొదటిది కీచుమంది, రెండోది మూగబోయింది. మళ్ళీ తోసింది. రెండోది పలికింది, మొదటిది పడుకుంది. ఇది కత్తిరించే స్విచ్ కాదు, మార్చే స్విచ్. ఒక వైపు వేస్తే అన్నయ్య ఆడతాడు, చెల్లెలిది డమ్మీ. ఇంకో వైపు వేస్తే...

గబగబా వైర్లు తగిలించి, షాపులో టెస్టింగ్ టీవీకి కలిపింది. రెండో రిమోట్ గుచ్చింది. అంచులు అరిగిపోయిన అదే రిమోట్. కుందేలు పరిగెత్తుకొచ్చింది. గుంట వచ్చింది. ఆమె నొక్కింది.

కుందేలు దూకింది.

"షాక్ కొట్టిందా అమ్మా?"

నాన్న మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వు.

"నాన్నా!" అంది. తెర మీద కుందేలు తర్వాతి గుంటలో పడి తిరగబడింది.

"వాడు నీకు పని చెయ్యని రిమోట్ ఇచ్చాడని మొదటి రోజే చూశాను," అంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "తిడదామనుకున్నా. తిడితే ఏమవుతుంది? నన్ను చూసినంతసేపూ నీకిస్తాడు, నేను అటు తిరగ్గానే లాక్కుంటాడు. అందుకే ఆ స్విచ్ పెట్టాను. పెట్టె నా బల్ల అంచు మీదే ఉండేది కదా. మీరు కింద చాప మీద. నా పని నేను చేసుకుంటూ, కాసేపు ఇటు, కాసేపు అటు."

"వాడికి తెలియలేదా?"

"ఎలా తెలుస్తుంది? కుందేలు దానంతటదే పరిగెత్తేదాయె. ఉన్నది ఒక్క మీటాయె. ఇద్దరూ ఒక్కసారే నొక్కేవాళ్ళు. కుందేలు దూకితే వాడు దూకించాననుకునేవాడు. పడితే నువ్వు పక్కన కదిలావని నిన్నే తిట్టేవాడు." నాన్న కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. "వాడు వెనకాల చెయ్యి పెడితే నా బండారం బయటపడుతుందని షాక్ అన్నాను. మీరింత బుద్ధిమంతులని నాకేం తెలుసు? ఇంకా భయపడుతూనే ఉన్నారు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే అడిగింది. "నాన్నా, రైలు రోజున?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"నీ వైపు ఉందమ్మా."

షాపు బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక కిక్కు మీద కిక్కు కొడుతున్నారు. ఆమె రిమోట్‌ని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. తన బొటనవేలి కింద మీట ఒక పక్కకి అరిగి ఉంది.

"మరి చెప్పలేదేం?"

"చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే వాడు వీధిలోకి పరిగెత్తాడు. అందరూ వాణ్ణి భుజాల మీద ఎక్కించుకున్నారు. వాడి మొహం చూశాక చెప్పలేకపోయాను."

"మరి నా మొహం చూడలేదా నాన్నా?"

నాన్న చెయ్యి బల్ల మీద స్క్రూలని అటూ ఇటూ జరుపుతోంది.

"చూశాను. అందుకే పెట్టె అటక ఎక్కించే ముందు కూడా స్విచ్ పీకలేదు. అప్పటికే నువ్వు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంట్లో గడియారాలన్నీ పాడుచేస్తున్నావు. ఏదో ఒక రోజు దీన్ని కూడా విప్పుతావు, విప్పితే నీకే తెలుస్తుంది అనుకున్నా. పెళ్ళయ్యాక వాడు పెట్టె పట్టుకుపోతాడనుకోలేదు. తప్పు నాదేనమ్మా."

ఆమె లేచి వచ్చి, చిన్నప్పుడు చేసినట్టు ఆయన కళ్ళజోడు లాక్కుని తన కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఆయన చొక్కాతో తుడిస్తే ఎప్పుడూ ఇంకాస్త మసకబారుతుంది.

"ఆదివారం టీవీ పక్కన కూర్చుంటావా?" అని అడిగింది.

నాన్న అర్థం చేసుకోవడానికి క్షణం పట్టలేదు. "అక్కడ గాలి బాగా వస్తుంది," అన్నాడు.

ఆదివారం సాయంత్రం అన్నయ్య ఇల్లు కిటకిటలాడిపోయింది. వదిన కేకు ముక్కలు పంచలేక పంచలేక పంచుతోంది. అన్నయ్య కూతురు, ఎనిమిదేళ్ళ గడుగ్గాయి, బెలూన్లు పగలగొట్టి ఒక్కొక్కరినీ అదరగొడుతోంది. నాన్న టీవీ పక్కన కుర్చీ వేయించుకుని, పెట్టె మీద చెయ్యి ఆనించి, ఏమీ తెలియని మొహం పెట్టుకుని కూర్చున్నాడు. అన్నయ్య నడిమధ్యన నిలబడి రైలు కథ చెప్పాడు. వీధి, భుజాల మీద ఊరేగింపు, అన్నీ వచ్చాయి. ఆ తర్వాతది కూడా వచ్చింది.

"ఇదిగో, ఈవిడే డమ్మీ! రావే, నీ రిమోట్ నువ్వు పట్టుకో. నువ్వు పక్కన లేకపోతే నాకు కలిసిరాదు."

అందరూ గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది, ఈసారి మనసారా. వచ్చి చాప మీద అన్నయ్య పక్కన కూర్చుని రెండో రిమోట్ అందుకుంది. అన్నయ్య కాలు జాపినట్టు జాపి, పెట్టె పక్కనున్న కొత్త స్విచ్‌ని కాలి వేలితో గుట్టుగా నొక్కాడు. ఆట మొదలైంది.

కుందేలు నిద్రలో నడుస్తున్న మనిషిలా బయల్దేరింది.

"అదేంటండీ, మీ కుందేలుకి జ్వరమా?" అన్నారెవరో.

"పాత ఆటలు కదా, అప్పట్లో అంతే వేగం," అన్నయ్య తొణక్కుండా బెణక్కుండా చెప్పాడు.

నాన్న దగ్గాడు. ఆ దగ్గులో టక్కుమన్న చప్పుడు ఆమెకి తప్ప ఎవరికీ వినబడలేదు.

గుంట వచ్చింది. ఆమె నొక్కింది, అన్నయ్య నొక్కాడు. కుందేలు దూకింది. కంచె వచ్చింది. మళ్ళీ దూకింది. చప్పట్లు. అన్నయ్య ఛాతీ పొంగింది. అన్నయ్య భుజం ఆమె భుజానికి తగులుతోంది, చిన్నప్పటిలాగే కుందేలు దూకినప్పుడల్లా వాడూ లేస్తున్నాడు. వాడు ఎంత సంతోషంగా ఉన్నాడు! ఒక్క క్షణం ఆమెకి నాన్న ఎందుకు నోరు మూసుకున్నాడో అర్థమైంది. అర్థమయ్యాక కూడా తన వాటా గెలుపు తనకి కావాలనిపించింది. అరిచి కాదు, అల్లరి చేసి కాదు.

వాడి చెవి దగ్గరికి వంగింది. "అన్నయ్యా, ఒక్కసారి చేతులు పైకెత్తు."

"పిచ్చా నీకు? కుందేలు చస్తుంది."

"చావదు. ఎత్తి చూడు. షాక్ కొట్టదులే."

అన్నయ్య ఆమె వైపు చూశాడు. ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి, నాలుక చివర బయట ఉంది. ఆ మొహంలో వాడికేం కనబడిందో, రిమోట్ ఒళ్ళో వదిలి చేతులు మెల్లగా భుజాల దాకా లేపాడు.

కుందేలు దూకింది. ఇంకోసారి దూకింది.

"మా నాన్న చేతులు ఖాళీ!" గడుగ్గాయి ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది. "అత్త ఆడుతోంది! అత్త ఆడుతోంది!"

గదంతా నోరెళ్ళబెట్టింది. ఆమె ఒంటి చేత్తో కుందేల్ని దూకిస్తూనే, రెండో చెయ్యి చాచి కొత్త స్విచ్ ఆపేసింది. కుందేలుకి ఒక్కసారిగా ప్రాణం వచ్చి రివ్వున పరిగెత్తింది. గుంట, కంచె, రెండు గుంటలు. ఎదురుగా రైలు కూత పెట్టుకుంటూ వచ్చింది. ఎవరూ కేకు నమలడం లేదు. ఆమె ఆలోచించలేదు. ఆలోచించే టైము ఆ రైలు ఎవరికీ ఇవ్వదు. బొటనవేలు తనంతట తనే అరిగిన పక్కకి జారి నొక్కింది.

కుందేలు రైలు పొడవునా గాల్లో తేలి క్యారెట్ తోటలో దిగింది. తెర నిండా రంగురంగుల చుక్కలు పేలాయి. వదిన కేకు కత్తి ఎత్తి మరీ అరిచింది. గడుగ్గాయి అత్త మెడకి వేలాడింది.

అన్నయ్య చేతులు ఇంకా పైనే ఉన్నాయి. తెర చూశాడు, చెల్లెల్ని చూశాడు, పెట్టె వెనకకి దూరిన నాన్న చేతిని చూశాడు. ఆ మూడింటినీ కలుపుకోవడానికి వాడికి కాసేపు పట్టింది.

"అంటే, ఆ రోజు కూడా..."

నాన్న తల ఊపాడు.

పుట్టినరోజు నాడు వాడి కిరీటం లాగేశానే అనుకుంది ఆమె. అన్నయ్య చేతులు దించి అరచేతులు చూసుకున్నాడు.

"ఆ రోజు నేను తొందరపడి ముందే నొక్కేశానే," అన్నాడు మెల్లగా. "చచ్చాననుకున్నా. కళ్ళు మూసేసుకున్నా. తెరిచి చూస్తే కుందేలు అవతల ఉంది. ఎలా వెళ్ళిందో ఈ క్షణం దాకా నాకు తెలియదు. తర్వాత వందసార్లు ప్రయత్నించా, రాలేదు. ప్రతిసారీ ఆ కథ చెబుతుంటే ఎవడైనా లేచి అబద్ధం అంటాడేమోనని లోపల బెదురు. డమ్మీ కథ కలిపి గట్టిగా నవ్వించేది అందుకే. నవ్వుతుంటే ఎవరూ అడగరు." చెల్లెలి నెత్తి మీద ఒక్కటి మొట్టాడు. "నువ్వా! నువ్వటే అది!"

మొట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చేత్తోనే ఆమె తల నిమిరాడు. కళ్ళలో నీళ్ళు, నోట్లో నవ్వు.

"చెప్పవే, ఎలా దూకించావు? నేర్పించు. ఉండు, ఆ మొదటి రిమోట్ నువ్వు పట్టుకో. రెండోది నాకివ్వు."

"స్విచ్ మార్చనా?" అని నాన్న అడిగాడు.

"నువ్వు ఊరుకో నాన్నా. ఇన్నాళ్ళూ మార్చింది చాలు," అన్నయ్య అన్నాడు. ఇంటిల్లిపాదీ విరగబడి నవ్వారు.

అప్పుడే తలుపు దగ్గర ఎవరో ఆలస్యంగా వచ్చిన ఆఫీసతను చేతిలో పూలగుత్తితో నిలబడ్డాడు. అన్నయ్య చాప మీంచే చెయ్యి ఊపాడు.

"రండి, రండి, లోపలికి రండి! మీకో కథ చెప్పాలి. మా వీధి మొత్తానికి రైలు దూకించింది ఎవరో తెలుసా? ఇదిగో, మా చెల్లెలు. అప్పుడు నేను పక్కనే కూర్చున్నాను, చేతిలో పని చెయ్యని రిమోట్ పెట్టుకుని."

అతను పెట్టె చూడ్డానికి వంగి, వెనకవైపుకి చెయ్యి పోనిచ్చాడు.

"అది ముట్టుకోకండి," తండ్రీ కొడుకూ కూతురూ ఒక్కసారే అరిచారు. "షాక్ కొడుతుంది!"